అనాథ రచనలు – ప్రకటన భాష

హక్కుదారు ఆచూకీ దొరకని రచన అనాథ రచన. భారత కాపీరైట్ చట్టం (1957)లోని 31ఎ సెక్షన్ ఇటువంటి రచనల ప్రచురణకు అనుమతి మార్గం చూపుతుంది. 1983లో అప్రచురిత భారతీయ రచనలకే పరిమితమైన ఈ సెక్షన్ 2012 సవరణతో ప్రచురిత రచనలకూ విస్తరించింది. దరఖాస్తుకు ముందు దేశంలో అధిక భాగాన చెలామణి ఉన్న ఆంగ్ల దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి. అనువాదమైతే అనువాద భాషా పత్రికలోనూ ఇవ్వాలి. పాత తెలుగు పత్రికలోని కథను తెలుగులోనే పునర్ముద్రించేవారు తెలుగులో ప్రకటించనక్కరలేదు. దానిని కన్నడంలోకి అనువదించేవారికి కన్నడ ప్రకటన తప్పనిసరి; తెలుగు ప్రకటన అప్పుడూ అవసరం లేదు. ఈ విధంగా రచయిత వారసులు చదివే భాషే అన్వేషణకు వెలుపల ఉండిపోతున్నది. మూలభాషలో ప్రకటనను తప్పనిసరి చేయడం హక్కుదారుకూ పునర్ముద్రణకూ ఉభయతారకం.