కాలిన పిడి

మా దోసె పెనం పిడి ఒకవైపు కాలింది. పెద్ద మంట పెట్టి ఫోన్లో మాట్లాడుతూ నిలబడ్డాను, అదీ సంగతి. అమ్మ పారేయమంది. నేను తిప్పి చూశాను. పైన నల్లగా పొర కట్టింది, గోరుతో గీస్తే పొడి రాలింది. దాని కిందంతా గట్టిగానే ఉంది. మామూలు ప్లాస్టిక్ అయితే కరిగి పొయ్యి మీదికి కారేది. ఇది బేకలైట్, అంటే ఫినాలిక్ రెజిన్. కరగదు, బొగ్గవుతుంది. ఆ బొగ్గే వేడిని లోపలికి పోనివ్వదు.

2014 డిసెంబర్ 18న శ్రీహరికోట నుంచి ఎగిరి, అంతరిక్షం నుంచి తిరిగొచ్చి బంగాళాఖాతంలో దిగిన ఇస్రో కేర్ క్యాప్సూల్‌కి ముందువైపు అంటించిన పలకలూ ఈ వంశానివే. కార్బన్ పోగుతో కలిపి చేసినవి.

నేను హైదరాబాద్ రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. టెస్ట్ ఫెయిలైతే బగ్ రాసేసి, టీ తాగొచ్చి మళ్లీ రన్ చేస్తాం. ఈ పలకల్ని పరీక్షించేవాళ్లకి ఆ సుఖం లేదు. చిన్న ముక్కను తూచి, వెనకాల వేడి కొలిచే థర్మోకపుల్ తీగ అతికించి, విద్యుత్ ఆర్క్‌తో కాచిన గాలిని ఎదురుగా వదులుతారు. చల్లారాక మళ్లీ తూస్తారు. అడ్డంగా కోసి బొగ్గు ఎంత లోతుకు దిగిందో కొలుస్తారు. ముందువైపు ధగధగ చూడ్డానికి బాగుంటుంది గానీ, అసలు కబురు చెప్పేది వెనకున్న సన్నటి తీగే. ముక్క మాత్రం ఇక పనికిరాదు. రీరన్ లేని టెస్టింగంటే మాలాంటివాళ్లకి నిద్రపట్టదు!

వేడిని తట్టుకునే పదార్థాల విద్య హైదరాబాద్‌కి పాతదే. అగ్ని క్షిపణి కార్బన్ పదార్థంతో నిమ్స్‌లో పోలియో పిల్లలకి తేలికపాటి కాలిపర్లు చేయించిన కలాం కథ అందరికీ తెలుసు, మళ్లీ చెప్పను. కొత్త ముచ్చట వేరే ఉంది. 2025 జనవరిలో ఇక్కడి రక్షణ పరిశోధనాశాల డీఆర్‌డీఎల్ స్క్రామ్‌జెట్ దహన గదిని నేలమీదే బిగించి 120 సెకన్లు మండించింది. ఇది అంతరిక్షం నుంచి తిరిగొచ్చేది కాదు, ధ్వనికి ఐదు రెట్లు మించిన వేగానికి చేస్తున్న ఇంజిను. పలకలాగా కాలిపోతూ కాపాడతానంటే దీని గోడకి కుదరదు, ఉన్నది ఉన్నట్టు నిలబడాలి. అందుకే ఉక్కు కరిగే వేడిని దాటినా పనిచేసే సిరామిక్ పూత తయారుచేశారు.

రాకెట్ లేచిన రోజు మా ఆఫీసులో అందరం చప్పట్లు కొడతాం. నన్నడిగితే 2025 ఏప్రిల్ 25న కొట్టాల్సింది. ఆ రోజు ఆ స్క్రామ్‌జెట్ మంట వెయ్యి సెకన్లు దాటింది. పదహారు నిమిషాల పైమాట, మా కుక్కర్లో కందిపప్పు ఉడికేంత సేపు.