ఒక దగ్గు, మూడు వందల రూపాయలు

సోమవారం పొద్దున్న నేను నడిచే పార్కు గేటుకి కొత్త బోర్డు కట్టారు. ‘గైడెడ్ వాక్. ప్రతి ఆదివారం ఉదయం 6 గంటలకు. రుసుము 300 రూపాయలు.’ ఆ పార్కులో పద్దెనిమిదేళ్ళుగా తిరుగుతున్నాను. ఎక్కడ బండ లేచి ఉందో, ఏ బెంచీ కింద ఏ కుక్క పడుకుంటుందో నా కాళ్ళకి తెలుసు. అక్కడ నాకు దారి చూపించేవాడొకడా? పైగా వాడికి నేను ఎదురు డబ్బులివ్వాలా?

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి నా జబ్బులన్నీ తెలుసు. అడుగులు లెక్కపెట్టే గడియారాల మీద మూడుసార్లు రాశాను. చెవుల్లో పాటలు పెట్టుకుని నడిచేవాళ్ళ మీద ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తులేదు. గైడూ మ్యాపూ గడియారమూ లేని నడకే నడక అని రాసినప్పుడల్లా తెనాలి నుంచి పాఠకులొకరు కార్డు పడేస్తారు: ‘మరి వీరాస్వామయ్య సంగతేమిటి?’ అని. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు వెంట వంద మంది దాకా పరివారం ఉంది. మన తొలి యాత్రాగ్రంథమే మందీమార్బలంతో పుట్టింది కదా అని తెనాలి వారి వాదన. నా జవాబూ పాతదే. వీరాస్వామయ్యగారు పల్లకీలో కూర్చున్నారు, నడిచింది బోయీలు, వాళ్ళెవరూ పుస్తకం రాయలేదు. నడక అంటే ‘భ్రమణకాంక్ష’ రాసిన ఆదినారాయణగారిది. సంచి భుజాన వేసుకుని దేశమంతా కాలినడకన తిరిగిన మనిషి.

ఇంత పట్టుదల ఉన్న నేనే ఒకసారి వారం రోజులపాటు గైడు వెనక నడిచాను. ఆ ముచ్చట ఇప్పటిదాకా ఇక్కడ రాయలేదు. సిగ్గుపడి రాయలేదు.

నేను రిటైరైన ఏడాది, మస్కట్‌లో ఇంజనీరుగా ఉన్న మా మేనల్లుడు టికెట్టు పంపాడు. “నడకంటే మీకు ప్రాణం కదా మామయ్యా” అని, దానితోపాటు ఒమన్‌లో ఒక నడక యాత్రకి డబ్బు కూడా కట్టేశాడు. కొండలు, పల్లెలు, చివర ఎడారి. డిసెంబరు నెల. ఎనిమిది మందిమి. అందరి కాళ్ళకీ వేలు పోసి కొన్న బూట్లు, చేతుల్లో రెండేసి కర్రలు. ముందు నడిచే గైడుకి తెల్లటి దిష్‌దాషా అంగీ, తలపాగా, అరిగిపోయిన తోలు చెప్పులు. నిజ్వా వైపు మనిషి, యాభై దాటినవాడు. హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు.

మొదటి రెండు రోజులూ నేను ఆయన తప్పులు వెతకడంలోనే గడిపాను. జెబెల్ అఖ్దర్ మీద, రెండు వేల మీటర్ల ఎత్తున, కొండకొమ్ముకి అతుక్కున్న ఊళ్ళున్నాయి. మెట్లు మెట్లుగా మళ్ళు, దానిమ్మలు, గులాబీ తోటలు. పన్నీరు కాచేది ఆ గులాబీలతోనే. అవి పూసేది మార్చి ఆఖరు నుంచి మే మొదటి దాకా. మేం వెళ్ళింది డిసెంబరులో కాబట్టి ముళ్ళు చూసి వచ్చాం. మర్నాడు జెబెల్ షమ్స్ పక్కన, నఖ్ర్ లోయ అంచు మీద నడక. ఒకవైపు గోడలా కొండ, మరోవైపు దాదాపు కిలోమీటరు లోతు. కానీ దారి తప్పడానికి వీల్లేదు. ప్రతి మలుపులో రాళ్ళ మీద పసుపు, తెలుపు, ఎరుపు పట్టీలు పూసి ఉన్నాయి. ఇక గైడెందుకని నాలో నేను సంబరపడ్డాను.

ఆ దారి చివర సాబ్ అనే పాడుపడ్డ ఊరుంది. కొండ పొడుచుకొచ్చిన చోట, ఆ రాయే కప్పుగా కట్టుకున్న రాతి ఇళ్ళు. కింద అరుగుల్లాంటి మళ్ళు ఎండిపోయి ఉన్నాయి. 1970లో సుల్తాన్ ఖబూస్ గద్దెనెక్కేనాటికి దేశం మొత్తం మీద పది కిలోమీటర్ల తారు రోడ్డే ఉండేదంటారు. మేం నడిచిన గాడిదల బాటే ఆ ఊరికి రాజమార్గం. తర్వాత రోడ్లు, బళ్ళు, ఆస్పత్రులు కింద లేచాయి, మనుషులు దిగి వెళ్ళిపోయారు. వాళ్ళు వదిలేసిన బాట మీద మాలాంటివాళ్ళం డబ్బిచ్చి నడుస్తున్నాం. గైడు ఒక గోడ నీడన కూర్చుని యాలకులు వేసిన కహ్వా కాఫీ పోశాడు, ఖర్జూరాలు పంచాడు. చరిత్ర ఏమీ చెప్పలేదు. దానికీ నేను మార్కులు తగ్గించాను.

మూడోరోజు మిస్ఫాత్ అల్ అబ్రియీన్. కొండవాలు మీద మట్టి ఇళ్ళు, కింద ఖర్జూరపు తోటలు, మధ్యలో ఫలజ్. ఫలజ్ అంటే ఊట దగ్గర పట్టిన నీటిని వాలు చూసుకుంటూ ఊళ్ళోకి నడిపించే కాలువ. ఒమన్‌లో ఇప్పటికీ పారుతున్నవి మూడు వేల దాకా ఉన్నాయి. వాటిలో అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీళ్ళు ముందు తాగడానికి, తర్వాత మసీదుకీ స్నానాలకీ, ఆ తర్వాతే తోటలకి. తోటల వంతు అరగంటల లెక్క. పగలు కర్ర నీడ చూసి, రాత్రి చుక్కలు చూసి పంచేవారు. మన చెరువుల కింద నీరుగంటి చేసిన పనే, తెలంగాణలో నీరటి అనేవారు. మన నీరటి ఉద్యోగం మోటార్లొచ్చి పోయింది, అక్కడ ఇంకా నడుస్తోంది. (బోరుబావుల మీద నా కోపం కూడా మీకు తెలుసు. ఈ వారం దాని జోలికి పోను.)

ఆ కాలువ గట్టు మీదనే ఊళ్ళోకి దారి. జానెడు వెడల్పు. గైడు ముందు, మేం వెనక. పది అడుగులకోసారి ఆయన గొంతు సవరిస్తున్నాడు. మలుపు వస్తే దగ్గుతున్నాడు. పాపం, కొండ చలి పట్టిందనుకున్నాను. నా సంచిలో ఎప్పుడూ మిరియాల బిళ్ళలుంటాయి, ఒకటి తీసి ఇచ్చాను. నవ్వి జేబులో వేసుకుని, మరో మలుపు దగ్గర మళ్ళీ దగ్గాడు. అటు వైపు గిన్నెల చప్పుడు ఆగింది. ఒక తలుపు మూసుకుంది. అప్పుడు ఆయన అడుగు వేశాడు.

నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. పొలం నుంచి వస్తే వీధరుగు దగ్గర ఒక దగ్గు, సావిట్లో ఇంకో దగ్గు. మా అమ్మా పిన్నీ కొంగులు సర్దుకుని లేచి నిలబడేవాళ్ళు. ఆయన ఊపిరితిత్తులు ఎనభై రెండో ఏట దాకా రాయిలా ఉన్నాయి. ఆ దగ్గుకి మందు లేదు, అవసరమూ లేదు. తన ఇంట్లోకే దగ్గి వచ్చేవాడు ఆ మనిషి. నేనేమో ముక్కూమొహం తెలియని వాళ్ళ పెరట్లోకి బూట్లేసుకుని, కెమెరా మెడలో వేసుకుని, వాళ్ళు తాగే నీళ్ళ గట్టు మీద నడిచి వెళ్తున్నాను. రాళ్ళ మీద పూసిన రంగు పట్టీలు దారి చూపిస్తాయి, దగ్గవు.

అప్పటినుంచి ఆయన్ని వేరే కంటితో చూడడం మొదలుపెట్టాను. ఎవరి ఇంటి ముందు ఆగుతున్నాడు, ఎవరికి ముందు సలాం చెబుతున్నాడు, ఏ ముసలాయన దగ్గర కూర్చుని మూడు గుక్కల కహ్వా తాగి లేస్తున్నాడు. చాలనుకున్నప్పుడు ఖాళీ కప్పుని కాస్త ఊపి ఇవ్వాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. నేను ఏడు తాగాక చెప్పాడు.

ఆఖరి రెండు రోజులూ వాహిబా ఇసుక తిన్నెలు. ఎడారి అంచున జీపు దిగగానే మా గైడు వెనక్కి వెళ్ళి వరస చివర నిలబడ్డాడు. ముందుకి ఎడారి తెగవాడు, ఒక బెదూ కుర్రాడు వచ్చాడు, వట్టి కాళ్ళతో. “ఇక్కడ నేనూ మీలాగే అతిథిని” అన్నాడు మా పెద్దాయన. గాలి వచ్చే వైపు ఇసుక గట్టిగా ఉంటుంది, వెనక వైపు మోకాలి దాకా దిగబడుతుంది. ఆ కుర్రాడు శిఖరం గీత పట్టుకుని ముగ్గు మీద నడిచినట్టు నడిచాడు. వాడి అడుగుల్లో అడుగు వేసినవాళ్ళు పైకెక్కారు. సొంత దారి చూసుకున్న నేను ఒక అడుగు ఎక్కితే రెండు జారాను.

ఆ కుర్రాణ్ణి చూస్తే థెసిజర్ గుర్తొచ్చాడు. ఇంగ్లీషు యాత్రికుడు విల్‌ఫ్రెడ్ థెసిజర్ 1940లలో రబ్ అల్ ఖాలీ మహా ఎడారిని రెండుసార్లు దాటాడు. ఆ కథ ‘అరేబియన్ శాండ్స్’ పేరుతో 1959లో వచ్చింది. ఒంటరి సాహసికుడని పేరు. పుస్తకం చదివితే ఆ పేజీలు ఒంటరిగా ఉండవు, తోటి బెదూలతో కిటకిటలాడుతుంటాయి. ఒక తెగ నేల మీద అడుగు పెట్టాలంటే ఆ తెగ మనిషి ఒకడు వెంట ఉండాలి, వాణ్ణి ‘రబీఅ’ అంటారు. వాడి పని దారి చూపడం కాదు. ఈ మనిషి నాతో ఉన్నాడు, ఇతని ప్రాణానికి నాది పూచీ అని సొంత తెగకే చెప్పడం. పూచీ దొరకని చోట థెసిజర్ అంతటివాడూ ఆగిపోయాడు. 1950లో జెబెల్ అఖ్దర్ ఎక్కుదామనుకుంటే నిజ్వాలోని ఇమాము ఒప్పుకోలేదు. గులాబీలు లేవని నేను సణిగిన కొండ అదే.

ఇంతవరకూ చెప్పడం తేలికే. నేను దాటేసిన ముక్క ఒకటుంది.

మిస్ఫాత్ నుంచి దిగి అల్ హమ్రాలో టీకి ఆగాం. మలయాళీ కొట్టు. పక్క బల్ల మీద చేతికి సిమెంటు అంటిన మనిషి, నా ఫోను సంభాషణ విని, “తెలుగోళ్ళా సార్?” అన్నాడు. జగిత్యాల దగ్గరి పల్లె. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని చెప్పుకునే ప్రాంతం. ఈయన మస్కట్ దారి పట్టాడు.

“గీడ ఏం కంపిని సార్ మీది?”

“కంపెనీ కాదండీ. నడవడానికొచ్చాం.”

“నడువనీకా?” కాసేపు మా కర్రల వైపు చూశాడు. “పైసలిచ్చి?”

అవునన్నాను. నవ్వాడు. ఎగతాళి లేదు, నిజంగా నవ్వొచ్చి నవ్వాడు. “నేను గూడ నడిచిన సార్, ఇబ్రీ దిక్కుకెళ్ళి. ఫుకట్ల.”

మొదటిసారి వచ్చినప్పుడు క్యాంపులో అయిదు నెలలు జీతం ఇవ్వలేదట. ఒక రాత్రి బయటపడ్డాడు. మన గల్ఫు పల్లెల్లో దానికొక మాటుంది, కల్లివెల్లి. కాగితాలు వదిలేసి, యజమానిని వదిలేసి పారిపోయినవాడు. రోడ్డు వారన మూడు రాత్రులు నడిచాడు, పగలు వంతెనల కింద పడుకున్నాడు. “తోవ చెప్పెటోడు లేడు, మ్యాపు లేదు, చేతికి గడియారం గూడ లేదు సార్. గది అప్పటికే అమ్ముకున్న.”

గైడూ మ్యాపూ గడియారమూ లేని నడక. పేపర్లో నేను వాడిన మాటలే, అదే వరసలో.

నాలుగోనాడు ఒక ముసలి ఒమనీ పికప్ ఆపాడట. ఏమీ అడగలేదు, నీళ్ళిచ్చాడు, ఖర్జూరాలిచ్చాడు. దేశం వదలడానికి ఔట్‌పాస్ ఇప్పించి ఇంటికి పంపాడు. రెండేళ్ళ నిషేధం తీరాక తన వీసా మీద మళ్ళీ రప్పించుకున్నాడు. ఇప్పుడు ఆ ముసలాయన ఇళ్ళ మరమ్మతులే చేస్తున్నాడు.

“పాస్‌పోర్టు?”

“అర్బాబ్ తాననే ఉంటది. మంచోడే సార్.”

అర్బాబ్ అంటే యజమాని. కాగితాల మీద ఆయన పేరు కఫీల్. ఆ మాటకి అసలు అర్థం పూచీ పడ్డవాడు. థెసిజర్ రబీఅదీ అదే పని. ఒకే నేల, ఒకే పూచీ. నా పూచీదారు నాకు కహ్వా పోసి, నా ముందు దగ్గుతూ నడిచాడు. జగిత్యాల మనిషి మొదటి పూచీదారు జీతం ఎగ్గొట్టాడు, రెండోవాడు ప్రాణం నిలిపి పాస్‌పోర్టు పెట్టెలో పెట్టుకున్నాడు. 2021 జనవరి నుంచి, ఒప్పందం ముగిశాక పాత యజమాని అనుమతి లేకుండానే పని మారొచ్చని అక్కడ చట్టం సవరించారు. పాస్‌పోర్టు పెట్టెలోంచి బయటికొచ్చిందో లేదో నేను అడగలేదు, ఫోను నంబరైనా తీసుకోలేదు.

జగిత్యాల మనిషి ఏమన్నాడని మా గైడు అడిగాడు. సగమే చెప్పాను.

ఆ తర్వాత కూడా తోడు లేని నడక గురించి ఈ కాలమ్‌లో రెండుసార్లు రాశాను. ధీమాగానే రాశాను.

గురువారం నాడు గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగాను, ఎవరా గైడు అని. పార్కు వెనక మాలీల క్వార్టర్లలో పుట్టి పెరిగిన కుర్రాడట, డిగ్రీలో బాటనీ చదువుతున్నాడట. ఆ క్వార్టర్లు నాకు తెలుసు. నేను రోజూ చుట్టే వెనక దారి వాటి కుళాయి పక్కనుంచే పోతుంది. పొద్దున ఆరింటికి అక్కడ ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకుంటూ, పిల్లలకి స్నానాలు చేయిస్తూ ఉంటారు. పద్దెనిమిదేళ్ళుగా చేతులూపుకుంటూ వాళ్ళ మధ్యనుంచి నడిచిపోతున్నాను. ఒక్కసారి దగ్గలేదు.

మూడు వందలు ఎక్కువే. కట్టాను. తెనాలి వారు ఈ వారం కార్డు ముక్క ఆదా చేసుకోవచ్చు.