నొప్పి ఎరిగిన చేతులు

1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చుట్టూ నేల వరి మాగాణి అయింది. వరి వెంట రైస్ మిల్లులు, మిల్లుల వెంట లారీలు వచ్చాయి. వాటన్నిటి వెనకా ఒళ్లు నొప్పులు కూడా వచ్చాయి. నాటు వేసే ఆడమనిషి నడుము పొద్దున వంగితే సద్ది విప్పేదాకా లేవదు. హమాలీ మెడ మీదికి 40 కిలోల వడ్ల బస్తా ఎక్కుతుంది, మిల్లులోంచి వచ్చేటప్పుడు 50 కిలోల బియ్యం బస్తా ఎక్కుతుంది. ఈ మెడలు మనకెంత అవసరమో 2020 మే నెలలో తెలిసింది. లాక్‌డౌన్ నడుస్తుండగానే బిహార్‌లోని ఖగడియా నుంచి ప్రత్యేక రైల్లో కార్మికులను మన రైస్ మిల్లుల కోసం రప్పించుకున్నాం. ఇక 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట, కోదాడ దాటే డ్రైవర్ల నడుముల సంగతి చెప్పక్కర్లేదు.

ఇంత నొప్పిని రోజూ తమ చేతుల్లోకి తీసుకునే మనుషులు ఈ పట్టణాలన్నిటా ఉన్నారు. సెలూన్‌లో మాలిష్ చేసే అన్న, బాలింతకూ బిడ్డకూ ఒళ్లు రుద్ది నీళ్లు పోసే అవ్వ, ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ముగ్గురి చదువులు వేరు, సంపాదనలు వేరు. పనితనం దగ్గర మాత్రం ముగ్గురూ ఒక్క చోటికే వస్తారు. ఎదుటివాడి ఒంటిని చదవడం ఎంత పెద్ద విద్యో, తన ఒంటిని కాపాడుకోవడం అంతే పెద్ద విద్య. రెండోది రానివాడికి మొదటిది ఎక్కువ కాలం నిలవదు.

సెలూన్ కుర్చీ దగ్గర మొదలుపెడదాం. క్షవరం, సన్నాయి, నాటువైద్యం, మంత్రసానితనం అన్నీ చేతబట్టిన వృత్తి కుటుంబాల నుంచి వచ్చిన పని ఇది. “ఏడ నొస్తుందన్నా?” అని అడుగుతూనే మంచి పనివాడు రెండు అరచేతులూ రుద్దుకుని వేడి చేసుకుంటాడు. వచ్చినవాడు “మెడ పట్టేసింది” అంటాడు. వెంటనే ఒత్తడం మొదలుపెట్టడు. మెడకూ భుజానికీ మధ్యనున్న కండ మీద అరచేయి ఊరికే ఆనించి, పైకి బిగబట్టుకున్న భుజాలు కిందికి దిగేదాకా ఆగుతాడు. ఆ తర్వాత అరచేతులతో వెడల్పుగా రుద్ది, కండను పట్టి పిసుకుతాడు. చివరికి గడ్డకట్టినట్టున్న చోటు దొరికితే అక్కడ వేలు ఆనించి నిలిపేస్తాడు. వచ్చినవాడు ఊపిరి వదిలేటప్పుడు కొంచెం బలం పెంచుతాడు, పీల్చేటప్పుడు సడలిస్తాడు. తల వెనక పుర్రె అంచు కింద, మెడ కండలు అతుక్కునే చోట, వేళ్ల కొసలతో చిన్న చిన్న సున్నాలు చుడతాడు. బలమైన పట్టుతో పని ఆపడు. మళ్లీ తేలిక చేసి, అరచేతితో నిమిరి వదులుతాడు. కండకు ‘అయిపోయింది’ అని చెప్పాల్సిన పద్ధతి అదే.

నీళ్లు పోసే అవ్వ పనితనం ఇంకా సూక్ష్మం. వావిలాకు వేసి కాచిన నీళ్లతో తల్లి నడుముకు కాపడం పెడుతుంది. బిడ్డ కోసం పీట మీద కూర్చుని కాళ్లు చాపి, ఆ కాళ్లనే తొట్టెలా చేసి పడుకోబెట్టుకుంటుంది. నూనె నేరుగా బిడ్డ మీద పోయదు, అరచేతిలో వేసుకుని వెచ్చబరిచి రాస్తుంది. ఛాతీ మీద నడిమి నుంచి పక్కలకు, పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే దిక్కున, కాళ్లకు తొడల నుంచి పాదాల దాకా ఆ చేయి నడుస్తుంది. పొట్ట మీద ఆ దిక్కే ఎందుకంటే పెద్దపేగు నడిచే దారి అదే. పాలు తాగిన వెంటనే పొట్ట ముట్టదు. చెవుల్లో, ముక్కులో నూనె వేయడం, సాంబ్రాణి పొగ పట్టడం వద్దని డాక్టర్లు చెబుతారు. ఆ మాట విని తన పాత అలవాటును మానుకున్న అవ్వను మరింత గౌరవించాలి. చేతి విద్యను కాపాడుకుంటూ తప్పును వదులుకోవడం అందరికీ సాధ్యం కాదు.

ఇక ఆసుపత్రి దగ్గరికి వద్దాం. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఫిజియోథెరపీని కూడా తన పరిధిలోకి తెచ్చింది. ఫిజియోథెరపిస్టు చేతిలో మర్దన అనేది వైద్యానికి ముందుమాట మాత్రమే. పక్షవాతం వచ్చినవాళ్ల చేతులు, షుగరు ఉన్నవాళ్లలో తరచూ బిగుసుకుపోయే భుజాలు ముందు వెచ్చబడి మెత్తబడాలి. ఆ తర్వాతే కీలు కదలాలి. ఎంత దూరం కదిలిస్తే మేలు, ఎక్కడ ఆగాలి అన్నది కొలతలతో పాటు రోగి ముఖం చూసి తేల్చుకుంటారు. కనుబొమలు ముడిపడగానే చేయి అర అంగుళం వెనక్కి వస్తుంది. రేపు ఇంట్లో తానే చేసుకోవాల్సిన వ్యాయామం నేర్పి పంపుతారు. రోగి తమ మీద ఆధారపడకుండా చూడటం ఈ వృత్తిలోని పెద్దరికం.

రుద్దితే నొప్పి ఎందుకు తగ్గుతుంది? 1965లో రొనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో నొప్పి కబురు పైకి పోయే చోట ఒక ద్వారం లాంటి ఏర్పాటు ఉందనీ, స్పర్శ కబుర్లు వచ్చి ఆ ద్వారాన్ని కొంత మూస్తాయనీ వాళ్ల సిద్ధాంతం. దెబ్బ తగలగానే మనం తెలియకుండానే అక్కడ రుద్దుకోవడానికి కారణం ఇందులో దొరుకుతుంది. మెల్లని నిమురుడుకే స్పందించే సన్నని నరాలు చర్మంలో ఉన్నాయని ఆ తర్వాత తేలింది. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నడిచే చేతికి అవి బాగా పలుకుతాయి. పుస్తకం చదవని అవ్వ చేయి కూడా ఇంచుమించు అలా మెల్లగానే నడుస్తుంది.

పనితనంలో సగం, చేయి వేయకూడని చోటు తెలియడంలో ఉంది. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే అది నరం పట్టడం కాకపోవచ్చు, లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని పిసకకుండా ఆసుపత్రికి పంపాలి. నడుము నొప్పితో పాటు కాలు మొద్దుబారినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆలస్యం చేయకూడదు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దల్లో కొందరి వెన్ను గట్టిపడి వంగదు. ఆ ఎముక చూడటానికి దిట్టంగా ఉన్నా పెళుసు. అలాంటి ఒంటి మీద బలం చూపడం ప్రమాదం. మెడను పట్టి టక్కున తిప్పే అలవాటు ఎవరి మెడకూ మంచిది కాదు. మెడలోని రక్తనాళం చీలి పక్షవాతం దాకా పోవచ్చు. “వద్దన్నా, డాక్టరుకు చూపించుకో” అని ఆ రోజు గిరాకీ వదులుకున్న మనిషిని గొప్ప పనివాడు అనాలి.

ఇప్పుడు ఆ చేతుల సొంత కష్టం చూద్దాం. ఈ పనిలో ముందు పోయేది బొటనవేలి మొదలు, తర్వాత మణికట్టు, ఆపైన నడుము. కొత్తగా నేర్చినవాడు బలమంతా బొటనవేలి కొసతోనే పెడతాడు. అనుభవం ఉన్నవాడు వేలు, మణికట్టు, మోచేయి ఒక్క వరసలో నిలిపి, ముందు కాలు మీదికి ఒరిగి ఒంటి బరువును పంపుతాడు. వేలు దారి చూపిస్తుంది, బలం పాదాల నుంచి వస్తుంది. వెడల్పాటి వీపు మీద ముంజేయి, మొండి కండ మీద మోచేయి వాడి వేళ్లను దాచుకుంటాడు. ఫిజియోథెరపిస్టు మంచం ఎత్తు సరిచేసుకున్నాకే పని మొదలుపెట్టేది తన నడుము కోసమే. ఒకరి పనికీ ఇంకొకరి పనికీ మధ్య కాసేపు పిడికిలి విప్పి, వేళ్లు వెనక్కి సాగదీసి, నీళ్లు తాగేవాళ్ల చేయి ఎక్కువ ఏళ్లు ఉంటుంది.

కంటికి కనబడని బరువు ఇంకొకటి ఉంది. చేయి పడగానే మనిషి నోరు విప్పుతాడు. అప్పు, కొడుకు తాగుడు, చచ్చిపోయిన భార్య, ఎండిన బోరు అన్నీ బయటికి వస్తాయి. అనుభవజ్ఞులు ఆ మాటలకు సలహాలు ఇవ్వరు, తీర్పులు చెప్పరు. “అవునే బిడ్డా” అని వింటారు, విన్నది గడప దాటనివ్వరు. ఒకరి పని కాగానే చేతులు కడుక్కోవడం శుభ్రత కోసం ఎంతో, ఆ దుఃఖాన్ని అక్కడితో ఆపడానికీ అంతే. రోజుకు ఎందరినని హద్దు పెట్టుకోవడం, వారానికో రోజు దుకాణం మూయడం, తన మెడను తోటి పనివాడి చేతికి అప్పగించడం కూడా వృత్తిధర్మాలే. వాటిని బద్ధకం అనడం అన్యాయం.

మనం చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. “ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా” అని కూర్చున్న చోటి నుంచి అదిలించడం మానుకుందాం. ఆ గట్టితనం ఖర్చు ఆ బొటనవేలు కడుతుంది. నీళ్లు పోసే అవ్వకు ఎత్తయిన పీట వేద్దాం, బరువు బిందెలు మనమే మోద్దాం, కూలి బేరమాడకుండా ఇద్దాం. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తుల్లో క్షురకవృత్తి ఉంది. శిక్షణ ఉంది, రోజుకు 500 రూపాయల భత్యం ఉంది, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం ఉంది. కత్తెరతో పాటు చేతిని కాపాడుకునే పద్ధతులనూ, చేయి వేయకూడని జబ్బుల గుర్తులనూ ఆ శిక్షణలో చేర్చాలి. జిల్లా ఆసుపత్రుల ఫిజియోథెరపిస్టులు అందుకు గురువులుగా రావాలి. ఈ ప్రాంతపు పంటను మోసిన ఒళ్లను మళ్లీ పనిలోకి నిలబెడుతున్నది ఆ చేతులే. వాటి ఆరోగ్య బాధ్యత మనందరిదీ.