పన్నెండు, ఇరవై, మళ్లీ పన్నెండు

ఏటా డిసెంబరు ఆఖరు రోజుల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా పోలీసు కార్యాలయాల నుంచి వార్షిక నేర నివేదికలు వస్తాయి. హత్యలు, దొంగతనాలు, సైబర్ మోసాలు, పేకాట, డ్రంకెన్ డ్రైవ్ అన్నీ అయ్యాక రోడ్డు ప్రమాదాల పట్టిక ఉంటుంది. అందులో ముఖ్యమైనవి రెండే గళ్లు: నిరుడు, ఈ ఏడు. పక్కన శాతం. జిల్లా డెస్కులో కూర్చున్న సబెడిటర్ కన్ను ముందు ఆ శాతం మీదే పడుతుంది. పెరిగితే 'రక్తమోడిన రహదారులు', తగ్గితే 'ఫలించిన పోలీసుల కృషి'. హెడ్డింగు రెండు నిమిషాల పని. ఈ కాలమ్ రాసేవాడు అలాంటి డెస్కులోనే నౌకరీ చేశాడు కాబట్టి ఆ రెండు నిమిషాల సంగతి అతనికి బాగా తెలుసు.

ఆ శాతాన్ని కాస్త విప్పి చూద్దాం.

ఒక చిన్న పట్టణం, దాని చుట్టుపక్కల పల్లెలు కలిపి ఏటా సగటున 16 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నారని మాటవరసకు అనుకుందాం. రోడ్లు మారలేదు, బండ్లు మారలేదు, నడిపేవాళ్ల తీరూ మారలేదు. అయినా ప్రతి ఏడాదీ సరిగ్గా 16 రాదు. ఒకసారి 12, ఇంకోసారి 20 రావడం మామూలే. ఆ మాత్రం హెచ్చుతగ్గులు ఏ కారణమూ లేకుండానే వస్తాయి. 12 తర్వాత 20 వస్తే పేపర్లో 67 శాతం పెరుగుదల. మరుసటేడు మళ్లీ 12కి దిగితే 40 శాతం తగ్గుదల. ఒక ఎస్పీకి అక్షింతలు, ఆయన తర్వాత వచ్చినాయనకు శాలువా. రోడ్డు మీద మాత్రం ఒక్క గుంత పూడలేదు, ఒక్క తలకీ కొత్తగా హెల్మెట్ ఎక్కలేదు.

ఈ సంగతిని నూటపాతికేళ్ల కిందటే పట్టుకున్నవాడు గణాంక శాస్త్రవేత్త బోర్ట్‌కీవిచ్. 1898లో అచ్చయిన అతని చిన్న పుస్తకంలో ప్రష్యా అశ్వికదళంలో గుర్రం తన్ని చనిపోయిన సైనికుల లెక్క ఉంది. 10 దళాలు, 20 ఏళ్లు, అంటే 200 వార్షిక నివేదికలు. వాటిలో 109 నివేదికల్లో ఒక్క చావూ లేదు. 65 చోట్ల ఒకటి, 22 చోట్ల రెండు, 3 చోట్ల మూడు, ఒకే ఒక్క చోట నాలుగు. ఆ నాలుగు వచ్చిన దళాధిపతిని పిలిచి సంజాయిషీ అడగాలనే ఎవరికైనా అనిపిస్తుంది. కానీ మొత్తం 122 చావులూ గుడ్డిగా పంచినా పంపకం దాదాపు ఇలాగే ఉంటుందని గణితం చెబుతుంది. ఆ ఏడాది ఆ దళపు గుర్రాలకేమీ ప్రత్యేకంగా పిచ్చెక్కలేదు.

హైదరాబాదు లాంటి మహానగరంలో ఈ బాధ తక్కువ. అక్కడ అంకె పెద్దది, ఊగినా శాతంలో పెద్దగా తేడా రాదు. దేశం లెక్కయితే ఇంకా స్థిరం. 2019లో లక్షా 51 వేల మంది చనిపోయారు. లాక్‌డౌన్ ఏడాది 2020లో అది లక్షా 32 వేలకు తగ్గింది. 2022లో లక్షా 68 వేలు, 2023లో లక్షా 72 వేలు దాటింది. ఆ గీత పైకి పోతోందని ఎవరైనా చెప్పగలరు. తెలంగాణలో ఆ చివరి రెండేళ్లూ ఏటా ఏడున్నర వేల మందికి పైగా పోయారు, అంటే రోజుకు 20 మందికి పైనే. గద్వాల టౌన్‌కో వనపర్తి టౌన్‌కో వచ్చేసరికి అంకె ఎంత చిన్నదవుతుందంటే, ఒక పెళ్లి జీపు బోల్తా పడితే చాలు, ఏడాది గ్రాఫు మొత్తం తలకిందులవుతుంది.

పెళ్లి జీపు దాకా ఎందుకు, పాలెం ఉంది.

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న వోల్వో బస్సు కొత్తకోట మండలం పాలెం దగ్గర కల్వర్టును ఢీకొంది. డీజిల్ ట్యాంకు పగిలి నిమిషాల్లో మంటలు కమ్ముకున్నాయి. 45 మంది సజీవ దహనమయ్యారు. చాలామందిని డీఎన్ఏ పరీక్షలతోనే గుర్తుపట్టాల్సి వచ్చింది. అప్పటికి అది మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక వనపర్తి కిందికి వచ్చింది. ఇప్పటి వనపర్తి సరిహద్దులు పెట్టి పాత ఏళ్ల గ్రాఫు గీస్తే 2013 దగ్గర తాటిచెట్టంత గీత లేస్తుంది. పక్కనున్న 2014 సహజంగానే బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఆ 'తగ్గుదల'కు ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు.

ఇంకో చిక్కుంది. ఆ 45 మందిలో ఎక్కువమందికి వనపర్తితో సంబంధమే లేదు. నిద్రలో ఈ జిల్లా దాటిపోవాల్సినవాళ్లు. నలభైనాలుగో నంబరు జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరు మీదుగా వచ్చి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తాల మీదుగా తుంగభద్ర వైపు పోతుంది. దాని మీద ఎవరు పోయినా కేసు ఆ ఊరి స్టేషన్‌దే, లెక్క ఆ జిల్లాదే. 2011 జనాభా లెక్కల ప్రకారం వనపర్తి జిల్లా పరిధిలో ఉన్నది 5 లక్షల 77 వేల మంది. బెంగళూరు, హైదరాబాదుల చావులను ఆ జనాభాతో భాగించి లక్షకు ఇంతమంది అని చెబితే వచ్చేది అంకె మాత్రమే. పెబ్బేరు నుంచి సంతకు పోయొచ్చే మనిషికి ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో అది చెప్పదు.

పాలెం తర్వాత పన్నెండేళ్లకు, అదీ అక్టోబరులోనే, ఇదే రోడ్డు మీద మళ్లీ అదే వాసన. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న బస్సు వనపర్తి, గద్వాల జిల్లాలు దాటి, కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కాలిపోయింది. అప్పటికే ప్రమాదంలో పడిపోయి రోడ్డు మీద ఉన్న మోటార్‌సైకిల్ బస్సు కిందికి వచ్చి, ఈడ్చుకుపోయి మంట లేచింది. బస్సులో 19 మంది, అంతకుముందే బైకు మీంచి పడిన యువకుడు, మొత్తం 20 మంది చనిపోయారు. ఎమర్జెన్సీ తలుపులు, అద్దాలు పగలగొట్టే సుత్తులు, స్లీపర్ బస్సుల అనుమతులు అన్నీ మళ్లీ చర్చకొచ్చాయి. కొన్నాళ్లు తనిఖీలు జరిగాయి. అవి అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ బస్సు కాలితే రాష్ట్రమంతా కదులుతుంది. బైకు మీద పోయినవాళ్లు ఒక్కొక్కరుగా పోతారు కాబట్టి జిల్లా పేజీలో సింగిల్ కాలమ్ వార్తగా మిగులుతారు. దేశంలో 2022లో చనిపోయినవాళ్లలో దాదాపు 75 వేల మంది ద్విచక్ర వాహనాల మీదివాళ్లే. హెల్మెట్ లేకుండా పోయినవాళ్లే 50 వేల పైచిలుకు.

ఈ మూడు జిల్లాల్లో ఆ సింగిల్ కాలమ్ వార్తలకు ఒక పంచాంగం ఉంటుంది. చదివేవాళ్లు పట్టించుకోరు గానీ రాసేవాళ్లకు నోటికొచ్చు. వానకాలంలో గద్వాల వైపు సీడ్ పత్తి క్రాసింగ్ మొదలైతే తెల్లారకముందే కూలీల ఆటోలు. ముగ్గురు కూర్చునే దాంట్లో డజను మంది, డ్రైవర్ పక్కన అటొకరు ఇటొకరు. కోతలు రాగానే రోడ్ల మీద వడ్లు. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, టైర్లు తొక్కకుండా అంచు వెంట రాళ్లు పేరుస్తారు. పొద్దుగూకాక ధాన్యాన్ని కుప్ప చేసి నల్ల పట్టా కప్పుతారు, రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. నల్ల తారు మీద నల్ల పట్టా. ఎదురుగా వచ్చే లారీ లైటు కళ్లలో పడిన క్షణంలో బైకువాడికి అక్కడ కుప్ప ఉందని తెలియదు. కల్లాలు కరువైన రైతును తిట్టి లాభం లేదు, కల్లం కట్టివ్వాల్సినవాళ్లను అడగాలి.

ఆ తర్వాత వేరుశనగ మార్కెట్ కాలం. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ట్రాక్టర్లు రాత్రిళ్లు బయల్దేరతాయి. ట్రాలీ వెనక లైటు ఉండదు. ఉన్నా వైరు తెగి వేలాడుతుంది. నంబరు ప్లేటు ఉండాల్సిన చోట మట్టి. టైరు పంచరైతే ట్రాలీని రోడ్డు వారనే వదిలి, వెనక నాలుగు రాళ్లు, ఒక తుమ్మకొమ్మ పెట్టి పోతారు. కొమ్మ పగలు కనిపిస్తుంది. వంద రూపాయలకు లోపే దొరికే ఎర్ర రేడియం స్టిక్కర్ ట్రాలీ వెనక అడ్డంగా అతికిస్తే హెడ్‌లైటు పడగానే దూరం నుంచే మెరుస్తుంది. మార్కెట్ యార్డు గేటు దగ్గర ఒక మనిషిని స్టిక్కర్ల కట్టతో నిలబెడితే సీజన్ అయ్యేలోపు జిల్లా ట్రాలీల్లో చాలావాటికి పని అయిపోతుంది. ఇందుకు వార్షిక శాతం అక్కర్లేదు. ఏ నెలలో, ఏ పొద్దులో, ఏ రోడ్డు మీద అన్నది తెలిస్తే చాలు.

అది ఎందుకు తెలియదో చూడాలంటే, లెక్క పుట్టే చోటికి పోవాలి.

ప్రమాదం జరిగాక స్టేషన్‌కు ఒక దరఖాస్తు వస్తుంది. అది ఎవరి చేతిరాతలో ఉన్నా అందులో ఒక మాట తప్పకుండా ఉంటుంది: అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి. చట్టంలోని సెక్షన్‌కు ఆ మాటే కావాలి. నిన్నటిదాకా ఐపీసీ 304ఏ, 2024 జులై నుంచి బీఎన్‌ఎస్ 106. మాట మాత్రం అదే. బండి ఢీకొన్నది లైటులేని ట్రాలీనా, కల్వర్టుకు పిట్టగోడ ఉందా, మలుపులో బోర్డు తుమ్మచెట్టు వెనక దాగి ఉందా అన్నవి ఆ రాతలోకి రావు. ఇలాంటి కేసులన్నీ పైకి పోయి పోయి ఢిల్లీ చేరి, 2022 చావుల్లో 71 శాతానికి అతివేగమే కారణం అన్న అంకెగా తిరిగొస్తాయి. అతివేగం నిజమే, కాదనలేం. కానీ వాక్యం ముందే అచ్చయి ఉన్నచోట వేరే కారణం దొరకడం కష్టం. రోడ్డు డిజైనులో, నిర్వహణలో లోపం వల్ల ప్రాణం పోతే ఆ కాంట్రాక్టరుకో, ఆ శాఖకో లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ చేరింది. రోడ్డు మీద కేసు పెట్టడం స్టేషన్లకు ఇంకా అలవాటు కాలేదు.

చావు లెక్క కూడా అంత తిన్నగా నడవదు. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు పోతేనే రోడ్డు చావు కింద రాస్తారు. తలకు దెబ్బ తగిలిన మనిషిని జిల్లా ఆసుపత్రి నుంచి మహబూబ్‌నగర్‌కో, అక్కణ్నుంచి ఉస్మానియాకో పంపుతారు. అక్కడ ప్రాణం పోతే కబురు మళ్లీ ఊరి స్టేషన్‌కు చేరి, గాయాల కేసు చావు కేసుగా మారాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. గద్వాలకూ తర్వాత వచ్చింది. న్యూరోసర్జన్ రాత్రి పూట దొరికే రోజు ఎప్పుడొస్తుందో గానీ అప్పుడు ఈ రెఫరల్ ప్రయాణం తగ్గుతుంది. క్షతగాత్రులకు ఏడు రోజుల్లో లక్షన్నర దాకా నగదు రహిత వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లినవాళ్లను వాళ్ల ఇష్టం లేకుండా సాక్షులుగా లాగకూడదన్న రక్షణ 2019 సవరణలోనే ఉంది.

ఇంత చెప్పాక ఒక సందేహం రావాలి. ప్రమాదం ఏ చోట, ఏ పొద్దున అన్న వివరాలు తీయడం అసలు మనవల్ల అవుతుందా? అవుతుంది. ఐఐటీ మద్రాసు, ఎన్‌ఐసీ కలిసి చేసిన ఐరాడ్, ఈ-డార్ యాప్‌లో పోలీసు ఘటనా స్థలం నుంచే ఫొటోలు, అక్షాంశ రేఖాంశాలు ఎక్కిస్తున్నాడు. జాతీయ రహదారి మీద ఏ 500 మీటర్లలోనైనా మూడేళ్లలో ఐదు తీవ్ర ప్రమాదాలు గానీ, పది చావులు గానీ జరిగితే దాన్ని బ్లాక్‌స్పాట్‌గా లెక్కిస్తారు. అక్కడ ఒక్క ఏడాది చాలదని కేంద్రమే ఒప్పుకుంది, మూడేళ్లు తీసుకుంది. మరి పట్టణపు లెక్కకు ఒక్క ఏడాది ఎలా సరిపోతుంది?

నాగర్‌కర్నూల్ జిల్లాలోనే ఇంకో రుజువుంది. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిదికి గేటు వేస్తారు, పొద్దున ఆరుకు తీస్తారు. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో జంతువులు బండ్ల కింద పడకూడదని. ఎక్కడ, ఏ గంటల్లో అన్న రెండు ప్రశ్నలకూ అక్కడ జవాబు దొరికింది. నల్లమల దుప్పికి అడిగిన ప్రశ్నలు ఎర్రవల్లి చౌరస్తాలో అర్ధరాత్రి బస్సు దిగి హైవే దాటే గద్వాల మనిషికి కూడా అడగొచ్చు.

జనవరిలో రోడ్డు భద్రతా మాసోత్సవాలుంటాయి. ర్యాలీలు, ఫ్లెక్సీలు, హెల్మెట్ పెట్టుకున్నవారికి గులాబీలు. వాటితో పాటు కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ సమావేశమూ జరుగుతుంది. మీ వార్డు సభ్యుడో, విలేకరో అక్కడుంటే నిరుటి మీద ఎంత శాతం అని అడగొద్దని చెప్పండి. గత మూడేళ్ల చావులన్నీ ఒకే పటం మీద చుక్కలుగా పెట్టి, పక్కన నెల, గంట, బండి రాసి చూపించమని అడగమనండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తు రుసుము జిల్లా స్థాయిలో 10 రూపాయలు.