క్లార్క్స్‌వరల్డ్ పత్రికయుఁ గర్తృత్వవిచారమును

వైజ్ఞానిక కల్పనలను, అద్భుతకథలను అంతర్జాలమునఁ బ్రకటించు నింగ్లీషు పత్రికలలో క్లార్క్స్‌వరల్డ్ మిక్కిలి పేరొందినది. అమెరికా దేశస్థుఁడగు నీల్ క్లార్క్ ఈ మాసపత్రికను 2006వ సంవత్సరము అక్టోబరులోఁ బ్రారంభించెను. హ్యూగో బహుమానము పత్రికకు 2010, 2011, 2013 సంవత్సరములందును, సంపాదకునకు 2022లోను లభించినది. ఇట్టి పత్రికను విమర్శింపఁబూనువారు సాధారణముగా నందలి కథలను జూతురు. కథలు లోనికి వచ్చు వాకిలిని జూచువారు తక్కువ. కాని సంపాదకుని గుణదోషములు మొదట నా వాకిటనే తేలును.

ఆ వాకిటి నియమములు సులభమైనవి. ఏ దేశమువారైనను, పూర్వము పేరెఱుఁగనివారైనను గథను బంపవచ్చును. పంపుటకు రుసుము లేదు. కథ 1,000 మాటలకుఁ దక్కువయు, 22,000 మాటలకు నెక్కువయుఁ గారాదు. స్వీకరింపఁబడిన కథకు 2023లో మాటకు 12 సెంట్ల చొప్పున నిచ్చుచుండిరి. అనఁగా 5,000 మాటల కథకు 600 డాలర్లు. అంతర్జాలమునఁ జదువువారికి వెల లేదు. 2015 నుండి చీనాకథల యనువాదములను వరుసగాఁ బ్రకటించుటయు నీ విశాలదృష్టి ఫలమే.

వెల లేని పత్రిక కాహార మెక్కడిదను ప్రశ్న సహజము. ఎలెన్ డాట్లో సంపాదకత్వమున సై-ఫిక్షన్ అను పత్రిక నొక టెలివిజన్ సంస్థ 2000లో నెలకొల్పి, 2005 చివర నాపివేసినది. ప్రభువు మనసు మాఱినంత నాశ్రితుని గతి యదియే. ఆ 2000లోనే మేరీ ఆన్ మోహన్‌రాజ్ స్థాపించిన స్ట్రేంజ్ హొరైజన్స్ విరాళములమీఁదను, జీతము గొనని పనివారిమీఁదను నిలిచినది. (అమెరికాలోని తెలుఁగువారు ఈమాట పత్రికను అంతర్జాలమున 1998లోనే ప్రారంభించిరి గనుక నిట్టి శ్రమ తెలుఁగువారికిఁ దెలియనిది గాదు.) క్లార్క్స్‌వరల్డ్ చందాదారుల నాశ్రయించినది. వెల లేకయే చదువు ననేకులకొఱకుఁ గొలఁదిమంది వెల చెల్లింతురు. అమెజాన్ సంస్థ కిండిల్ పత్రికల చందాపద్ధతిని 2023లో నెత్తివేయుటచే నీ కొలఁదిమందిలోఁ గూడఁ గొందఱు జాఱిపోయిరి. వేఱొక యాపద యంతకు ముందే వాకిటికి వచ్చియుండెను.

మనుష్యుఁ డడిగినదానికి వాక్యములల్లి యిచ్చు చాట్‌జీపీటీ యను యంత్రము 2022 నవంబరు 30వ తేదీని లోకమునకు వచ్చినది. కథలమ్మి ధనము సులభముగా గడింపవచ్చునని బోధించువారు కొందఱు పుట్టిరి. వారి మాట నమ్మినవారు యంత్రముచేఁ గథలు వ్రాయించి పంపసాగిరి. 2023 ఫిబ్రవరి 20వ తేదీనాఁటికి, ఆ నెలలో మనుష్యులు వ్రాసినవి సుమారు 700 కథలు రాఁగా, యంత్రరచితములు సుమారు 500 వచ్చెను. నాఁడు క్లార్క్ వాకిలి మూసెను.

ఆ కథలు మంచివై సంపాదకుని మోసగించె నని తలఁచుట పొరపాటు. అవి విచిత్రమైన రీతిలోఁ జెడ్డవని క్లార్క్ చెప్పెను. ఆసిమోవ్ పేరిటి పత్రికకు సంపాదకురాలగు షీలా విలియమ్స్ తనకు వచ్చినవానిలోఁ బెక్కింటికిఁ ‘గడపటి యాశ’ యను నొకటే పేరుండుటను గనిపెట్టెను. శాబ్దికుల పరిభాషలో నీ దోషమును సుఖముగాఁ జెప్పవచ్చును. వాక్యమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడును వలయును. యంత్రవాక్యమున నీ మూఁడును గలవు; అపశబ్దమును అరుదు. కాని కథ యొక మహావాక్యము. అందు మొదటి వాక్యము రెండవదానిని గోరవలెను, ఆరంభ మంతమును గోరవలెను. ఆ యాకాంక్ష లేనిచోటఁ బదునైన వాక్యములు నూఱు పేర్చినను గథ గాదు. గైడుపుస్తకమునుండి దించిన వ్యాసమును బడిపంతులు మొదటి పంక్తిలోనే పట్టును. అయితే అతని శిష్యులు నలువదిమంది. వారి ముఖములాతఁ డెఱుఁగును. సంపాదకున కెదుట ముఖములు లేవు, కాగితములే కలవు. ఒక్కొక దానిని ద్రోయుట సులభమే. అన్నిటిని ద్రోయులోపల నిజమైన కథ చదువఁబడక పడియుండును.

ఇఁకఁ గర్తృత్వవిచారము. యంత్రము వ్రాసిన కథకుఁ గర్త యెవఁడు? క్రియయందు స్వతంత్రుఁడు కర్త యనియు, క్రియాసిద్ధికి మిక్కిలి యుపకరించునది కరణమనియుఁ బాణిని చెప్పెను. ‘గొడ్డలి నఱకుచున్నది’ యని వక్త యిచ్ఛచేఁ గరణమును గర్తగాఁ జెప్పుటకు శాస్త్ర మొప్పుకొనును గదా, యంత్రమునే కర్త యందమని యొక పూర్వపక్షము. ఆ ప్రయోగము వక్త వివక్షకే చెల్లును. గొడ్డలికి సంభావన యిచ్చుట కది ప్రమాణము గాదు. ఆజ్ఞాపించినవాఁడు ప్రయోజకుఁడు గాన వానినే కర్త యందమని రెండవ పక్షము. ఇది కొంత బలమైనది. తిక్కనసోమయాజి చెప్పఁగా గురునాథుఁడు వ్రాసె నను ప్రసిద్ధి కలదు. గురునాథుని నెవ్వరును గవి యనరు. కాని యచట నేపదము నిలువవలెనో యేది తొలఁగవలెనో యను స్వాతంత్ర్యము తిక్కనది. ఇచట ‘నొక కథ వ్రాయు’ మనినవాఁ డొక్క పదమును నెన్నుకొనలేదు. పంపుటకు ముందు చదివెనో లేదో సందేహము. సంపాదకుఁ డొక మాటను మార్పుమని కోరినచో, ఆ మాట యేల యుండవలెనో చెప్పఁగలవాఁడే కర్త. ఆజ్ఞాపించినవాఁడు చెప్పలేఁడు. కాఁబట్టి వాఁడు పంపుట యను క్రియకుఁ గర్త, కథకుఁ గాఁడు.

క్లార్క్ తన నియమములలో నిట్టి యంత్రములచే వ్రాయఁబడినదియు, పెంపఁబడినదియు, అనువదింపఁబడినదియు, వాని సాయము పొందినదియు నగు ఏ రచనయుఁ బనికిరాదని శాసించెను. లక్షణమునకు నతివ్యాప్తి దోషము పట్టుచున్నది. సాయమను మాట కెల్ల యెక్కడ? అక్షరదోషములు దిద్దు యంత్రమును సాయమే. శాస్త్రదృష్టి నీ సూత్రము కొంత కుదింపవలసినదే. అయినను వాకిట నిలిచినవానికి విశాలమైన నిషేధ మక్కఱయై యుండవచ్చును.

ఈ నిషేధముకంటెఁ బ్రశంసింపఁదగినది, ఆతఁడు చేయనొల్లని పని. కథకు రుసుము విధింపవచ్చును; ఎఱిఁగినవారి కథలనే చదువవచ్చును; కొన్ని దేశములకు వాకిలి మూయవచ్చును; యంత్రరచనను బట్టు వేఱొక యంత్రమును గొనవచ్చును. నాలుగును సులభోపాయములు. నాలుగిటను నష్టపడువాఁడు క్రొత్త రచయిత, అందును దూరదేశపు రచయిత. పట్టుయంత్రముల సంగతి మఱియు నెన్నఁదగినది. ఇంగ్లీషు మాతృభాష గాని విద్యార్థుల వ్యాసములలో సగమునకుఁ బైగా యంత్రరచితములని యవి పొరపడినట్లు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 2023లోఁ దేల్చిరి. గుంటూరుమండలమందలి బడిలో వ్యాకరణము పట్టి యింగ్లీషు నేర్చిన కుఱ్ఱవాఁడు తప్పు లేకుండ, కొలఁది మాటలతోఁ గథ వ్రాసిన, ఆ శుద్ధియే వానికి దోషమగును! క్లార్క్ ఈ నాలుగు మార్గములును వదలెను.

2023 మార్చిలో వాకిలి మరలఁ దెఱవఁబడినది. కథలను స్వీకరించు కంప్యూటరు వ్యవస్థ క్లార్క్ తానే నిర్మించినది. దానినే సవరించి, అనుమానింపఁదగిన కథలు వరుసలోఁ గడపటికిఁ బోవునట్లు చేసెను. అచటను వానిని జదువువాఁడు మనుష్యుఁడే.