ఉత్తరానికి ఎగిరి పడమరకు చేరే విమానం

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు భీమడోలు చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా కనిపిస్తాయి. షికాగో ఎటువైపని ఆ ఇంటి పెద్దల్ని అడగండి, చెయ్యి పడమరకే చూపిస్తారు. 2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాద్ నుంచి షికాగోకు ఎక్కడా ఆగని సర్వీసు మొదలుపెట్టింది. ఆ దారి మాత్రం పడమరకు కాదు, దాదాపు నేరుగా ఉత్తరానికి.

పిల్లల గ్లోబు మీద దారం ఒక కొసను హైదరాబాద్ దగ్గర నొక్కిపట్టి, రెండో కొసను షికాగో మీదికి బిగదీసి చూడండి. దారం కశ్మీర్ మీదుగా మధ్య ఆసియా దాటి, ఉరల్ పర్వతాల వెంట పైకి పాకి, గ్రీన్‌లాండ్ ఉత్తర భాగాన్ని తాకి, హడ్సన్ అఖాతం పక్కగా కిందికి దిగుతుంది. దాని పొడవు సుమారు 13,300 కిలోమీటర్లు. గోడకు తగిలించే చదునైన మెర్కేటర్ మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత వెంట వెళితే 16,000 దాటుతుంది. చలికాలంలో కొల్లేటికి దిగే సూదితోక బాతులకు ఈ ఉత్తరపు దారి మనకన్నా ఎంతో ముందే తెలుసు.

దారం గీత చూపిస్తుంది గానీ విమానాన్ని నడపదు. అసలు పనితనం ప్రయాణాన్ని నేలమీదే లెక్కగట్టే డిస్పాచర్ బల్ల దగ్గర ఉంది. ఆ సర్వీసుకు వాడిన బోయింగ్ 777-200ఎల్ఆర్‌లో 238 సీట్లు. ట్యాంకులు నింపితే లక్షా ఎనభై వేల లీటర్లు. అంత బరువుతో లేచిన విమానం మొదట్లో బాగా ఎత్తుకు పోలేదు. గంటకు ఏడెనిమిది టన్నుల ఇంధనం కాలుతూ ఒళ్లు తేలికయ్యే కొద్దీ మెట్లు మెట్లుగా పైకెక్కుతుంది. ఏ మెట్టు ఎక్కడ ఎక్కాలో, ఏ ఎత్తులో ఎదురుగాలి తక్కువో ముందే లెక్కగట్టాలి. అవసరానికి మించి పోయించుకుంటే ఆ అదనపు బరువును మోయడానికే కొంత ఇంధనం తగలబడుతుంది. ఉన్నవి రెండే ఇంజన్లు కాబట్టి, ఒకటి ఆగినా నిర్ణీత సమయంలో చేరగల విమానాశ్రయం దారి పొడవునా అందుబాటులో ఉండాలి. ధ్రువప్రాంతపు చలిలో రెక్కల్లోని ఇంధనం గడ్డకట్టే స్థాయికి దగ్గరపడితే, కాస్త వెచ్చని గాలి కోసం కిందికి దిగడమో వేగం పెంచడమో చేస్తారు. సీట్లో దుప్పటి కప్పుకుని నిద్రపోయేవాళ్లకు ఇవేవీ తెలియవు, తెలియకపోవడమే ఆ పనికి దక్కే మెచ్చుకోలు.

టైమ్‌టేబుల్లో మధ్యాహ్నం 12.50కి బయల్దేరి అదే సాయంత్రం 6.05కి చేరినట్టు ఉండేది. రెండు ఊళ్ల గడియారాలకు చలికాలంలో ఉండే పదకొండున్నర గంటల తేడా కలిపితే పదహారుముప్పావు గంటలు. సగటు వేగం గంటకు 800 కిలోమీటర్ల లోపే. గాలిలో 900 దాకా పోయే విమానాన్ని రన్‌వే వరకు నడక, ఎక్కడం, దిగడం, ఎదురుగాలి వెనక్కి లాగేస్తాయి.

ఆ సర్వీసు ఎక్కువకాలం నిలవలేదు, మళ్లీ మధ్యలో విమానం మారక తప్పలేదు. దుబాయ్ మీదుగా వెళ్లినా దూరం సుమారు 14,200 కిలోమీటర్లే, అంటే గాలిలో అదనంగా గంట, గంటంపావు. ప్రయాణం ఇరవై గంటలు దాటేది దూరం వల్ల కాదు, తర్వాతి విమానం కోసం గేటు దగ్గర కాచుకుని కూర్చోవడం వల్ల.