క్లాక్ ఆపితే నాయిస్ దొరకదు

స్విచ్డ్ కెపాసిటర్ యాంప్లిఫయర్‌లో ఉండేది ఒక ఆప్‌ఆంప్, రెండు కెపాసిటర్లు, నాలుగైదు మాస్ స్విచ్‌లు, అంతే. 8 పికోఫారడ్ల మీద పట్టిన చార్జిని 1 పికోఫారడ్ మీదికి తోస్తే గెయిన్ 8. స్విచ్ చేసే కెపాసిటర్ రెసిస్టర్‌లా పనిచేస్తుందని మాక్స్‌వెల్ 1873లోనే రాశాడు. 1977లో బర్కిలీలో పాల్ గ్రే, బ్రోడర్సన్ వాళ్లు దాన్ని చిప్ మీద ఫిల్టర్లుగా నిలబెట్టారు. చరిత్ర ఇంత చాలు. ఈ సర్క్యూట్‌ని సిమ్యులేట్ చేయడంలోనే అసలు విద్యంతా ఉంది.

మామూలు ఏసీ ఎనాలిసిస్‌కి కదలని ఆపరేటింగ్ పాయింట్ ఒకటి కావాలి. ఇక్కడ అది లేనే లేదు, క్లాక్ తిరిగిన ప్రతిసారీ సర్క్యూటే మారిపోతుంది. పీరియడ్ మొదట్లో ఉన్న వోల్టేజీలే చివర్లోనూ తేలేలా ఆరంభ స్థితిని వెతికి పట్టే షూటింగ్ పద్ధతిని 1972లో ఏప్రిల్, ట్రిక్ అనే ఇద్దరు చూపించారు. 1995లో టెలిచెవెస్కీ, కెన్ కుండర్ట్, జేకబ్ వైట్ ఆ లెక్కని పెద్ద సర్క్యూట్లకూ అందేంత వేగవంతం చేశారు. ఎంత గొప్ప పని! ముందు పీఎస్ఎస్ (పీరియాడిక్ స్టెడీ స్టేట్)తో ఆ స్థితిని పట్టుకుని, దాని చుట్టూ పీఏసీ (పీరియాడిక్ ఏసీ)తో గెయిన్, పీనాయిస్ (పీరియాడిక్ నాయిస్)తో నాయిస్ తీస్తాం.

గెయిన్ చదవడంలోనూ నేర్పు కావాలి. సగం పీరియడ్ రీసెట్‌లో సున్నాకి దిగే అవుట్‌పుట్‌ని అలాగే చదివితే 8కి బదులు 4 దగ్గర కనబడుతుంది. యాంప్లిఫై ఫేజ్ చివర, అవుట్‌పుట్ స్థిరపడిన క్షణంలో శాంపుల్ చేసి చదివితేనే నిజం తెలుస్తుంది.

ఇక నాయిస్. 1 కిలోఓమ్ స్విచ్ 1 పికోఫారడ్‌ని శాంపుల్ చేస్తుంటే నాయిస్ బ్యాండ్‌విడ్త్ 250 మెగాహెర్ట్జ్. క్లాక్ 1 మెగాహెర్ట్జ్ అయితే ఆ నాయిస్ అంతా మడతలు పడి 500 కిలోహెర్ట్జ్‌లోకి దిగుతుంది. గది వేడిమి దగ్గర మొత్తం 64 మైక్రోవోల్టులు. స్విచ్ వెడల్పు పెంచండి: నాయిస్ సాంద్రత తగ్గుతుంది, బ్యాండ్‌విడ్త్ పెరుగుతుంది, 64 మాత్రం కదలదు. ఇంత చక్కని లెక్క ఇంజినీరింగ్‌లో అరుదు.

ఇంతటి విద్యకి నకిలీలు చూస్తే కడుపు మండుతుంది. స్విచ్‌ని మూసి ఉంచేసి, ఏసీ నాయిస్ నడిపి, 500 కిలోహెర్ట్జ్ వరకు కూడి, 2.9 మైక్రోవోల్టులని రిపోర్టులో పెట్టేస్తారు. అసలు నాయిస్ దానికి ఇరవై రెండు రెట్లు! పీనాయిస్ నడిపామని చెప్పేవాళ్లలోనూ, ఎన్ని మడతలు లెక్కలోకి తీసుకోవాలో చెప్పే సైడ్‌బ్యాండ్ల సంఖ్యని 10 దగ్గరే వదిలేసేవాళ్లున్నారు. వాళ్లకి వచ్చేది 13 మైక్రోవోల్టులు. టూల్ తప్పు చెప్పలేదు, అడిగినంతే చెప్పింది. పాత టెస్ట్‌బెంచ్‌ని ఒకరి దగ్గర్నుంచి ఒకరు కాపీ చేసుకుని, లోపల ఏముందో తెరిచి చూడని అలవాటు ఈ విద్యని తినేస్తోంది. చిప్ ఫ్యాబ్ నుంచి తిరిగొచ్చాక బోర్డు మీద వెతుకులాట మొదలవుతుంది.

కాలంతో పాటు నాయిస్‌ని కలుపుతూ నడిపే ట్రాన్సియెంట్ నాయిస్ ఉంది కదా అంటారు. సరిచూసుకోవడానికి వాడండి, కాదనను. కానీ గంటల తరబడి నడిపి వచ్చే ఆ అంకె ఏ ట్రాన్సిస్టర్ ఎంత నాయిస్ చేర్చిందో విడదీసి చెప్పదు. పీనాయిస్ చెబుతుంది, అందుకే నా ఓటు దానికే.

నేర్చుకోవడానికి దారి లేదనడానికి వీల్లేదు. ఐఐటీ మద్రాస్‌లో శాంతి పవన్ కాలంతో మారే సర్క్యూట్ల మీద చెప్పిన ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగా దొరుకుతున్నాయి. హైదరాబాద్ ఆఫీసుల్లో డిజైన్ రివ్యూకి కూర్చునే పెద్దలకి నాదొక విన్నపం. కొత్తగా చేరిన పిల్లల చేత ముందు ఆ 64ని కాగితం మీద వేయించండి, తర్వాత సైడ్‌బ్యాండ్లు పెంచుకుంటూ పోయి అంకె ఎక్కడ నిలబడిందో చూపమనండి. ఆ గ్రాఫ్ లేని నాయిస్ రిపోర్టు మీద సంతకం పెట్టకండి.